సముద్రం రుచి

"నా తోటకు మందు పెట్టింది నువ్వే!"

నర్సింహ తమ్ముడి స్కూటర్‌కు అడ్డంగా నిలబడి అరిచాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ప్లాట్ల ఆఫీసు ముందు చాయ్ తాగుతున్నవాళ్ళంతా కప్పులు పట్టుకునే ఇటు తిరిగారు.

జనార్ధన్ బండి స్టాండ్ వేశాడు. "ఏం మందన్నా? జర నిమ్మళంగ మాట్లాడు."

"ఆకు అంచులు మాడి రాలుతున్నది. తీగెలు నిలువునా ఎండుతున్నయి. పందిరి కింద పోయిన నెల ఎండ పొడ పడకపోయేది, ఇప్పుడు నిలబడితే మొగులు కనబడుతున్నది. ఎవడో మొదట్ల మందు పోసిండు. నా తోట పోతే ఎవనికి లాభం? నీకే!"

ఆ మాట నిజమే. ఎల్బీ నగర్ నుంచి కర్మన్‌ఘాట్ దాకా ద్రాక్షతోటలన్నీ కాలనీలైపోతున్న రోజులవి. జనార్ధన్ తన వాటా ఎప్పుడో ప్లాట్లు చేశాడు. వాటికి రోడ్డు రావాలంటే మాత్రం అన్న తోట మధ్యలోంచే రావాలి. ప్రాణం పోయినా ఇవ్వనన్నాడు నర్సింహ.

ఆ మొండితనానికి ఈ మధ్యనే ఒక అండ దొరికింది. ఓడల మీద పనిచేసి వచ్చిన విశాఖపట్నం మనిషి త్రినాథరావు, ఒకరోజు నర్సింహ ఇంటికి సీసా పట్టుకొచ్చి అందరికీ తలా ఒక గుక్క పోశాడు. స్పెయిన్ దేశంలో గలీసియా అనే సముద్రతీరపు తెల్ల వైనట అది.

"అక్కడా మీలాగే రాతి కడీలు పాతి, పైన పందిరేసి ద్రాక్ష పెంచుతారండీ. పక్కనే సముద్రం. ఆ ఉప్పుగాలి తగిలే దీనికి ఈ రుచి. నేనిక్కడ మీ అనాబ్ షాహీ ద్రాక్షతో తెల్ల వైన్ తీద్దామనుకుంటున్నాను. తోట పచ్చగా ఉన్నంతకాలం కాపంతా నాకే ఇవ్వండి" అన్నాడు.

నర్సింహకు ఏనుగెక్కినంత సంతోషమైంది. అతని భార్య ఆండాలు కొంగు అడ్డం పెట్టుకుని గుక్క మింగి, "నిజమే, జర ఉప్పగనే ఉన్నది" అంది. జనార్ధన్ మాత్రం గ్లాసు ఖాళీ చేసి లేచిపోయాడు.

అదే త్రినాథరావు ఇవాళ పొద్దున తోట చూసి తల అడ్డంగా ఊపాడు. "క్షమించండి నర్సింహ గారూ. ఎండిన తీగెల్ని నమ్ముకుని నేనేం చెయ్యనండీ?" అని వెళ్ళిపోయాడు. నర్సింహ ఇంటికి కూడా పోకుండా అటునుంచి అటే తమ్ముడి మీదికొచ్చాడు.

"ఇంటిదొంగను ఈశ్వరుడన్న పట్టడంటరు. మన కర్మన్‌ఘాట్ హనుమంతుడు పడతడు. నడువ్! తడిబట్టలతోని ప్రమాణం చెయ్" అన్నాడు నర్సింహ.

తమ్ముడు తడబడతాడనుకున్నాడు. జనార్ధన్ స్కూటర్‌ను ఒక్క తన్ను తన్ని, "కూసో" అన్నాడు.

గుడి బయట నల్లా కింద నెత్తిన నీళ్ళు గుమ్మరించుకుని, నీళ్ళోడుతున్న బట్టలతోనే జనార్ధన్ దేవుడి ముందు నిలబడ్డాడు. నర్సింహ ఒక్కో మాటా పలికించాడు.

"నా చేత్తోని అన్న తోటల ఏమీ ఎయ్యలేదను."

"నా చేత్తోని అన్న తోటల ఏమీ ఎయ్యలే."

"ఏస్తే నా కండ్లు పోవాలె అను."

"ఏస్తే నా రెండు కండ్లు పోవాలె."

జనార్ధన్ గొంతు వణకలేదు, రెప్ప కొట్టుకోలేదు. ఒక్క తల్లి పాలు తాగినవాణ్ణి పట్టుకుని ఎంత మాట అన్నాడు! నలుగురిలో దొంగను చేశాడే అని నర్సింహ లోపల కుమిలిపోయాడు. తడి భుజం మీద తలపెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"తప్పయింది తమ్మీ. తోట ఎట్లనన్న పాయె. నీ రోడ్డుకు తీసుకో. ఈ స్వామి ముంగటనే మాటిస్తున్న, మల్ల తప్పను."

"ఊకో అన్నా" అని జనార్ధన్ అతని వీపు నిమిరాడు. ఆగి, "ఆ రాతి కడీలు గూడ ఉంచు. ప్లాట్లకు హద్దురాళ్ళయితయి" అన్నాడు.

నర్సింహ తోటకు వచ్చేసరికి ఆండాలు పందిరి కింద కూర్చుని, ఒక తీగె మొదట్లో ఎరువు పక్కకు తీసి, చేటలోంచి తెల్లగా ఏదో వేసి, మళ్ళీ ఎరువు కప్పుతోంది.

"తోట తమ్మునికి ఇచ్చేసిన" అన్నాడు నర్సింహ.

"అయ్యో, అట్లెందుకిచ్చినవ్? జర ఓపిక పట్టరాదు! తీగెలు డస్సిపోయినయని ఇయ్యాల ఇంకింత ఎక్కువనే ఏస్తున్న."

"ఏందది?"

"దొడ్డుప్పు. కొబ్బరిచెట్టుకు ఏస్తలేమా? సముద్రం పక్కనోల్లకు ఉప్పు గాలిల ఒస్తది, మనకేడికెల్లి ఒస్తది? మొదట్లనే ఎయ్యాలె. కాపు దిగినంక నీకు చెప్పాలె, మురుస్తవని చెప్పిండు."

"ఎవలు చెప్పిండ్రు?"

ఆండాలు చేట దులిపి, మురిపెంగా నవ్వింది.

"ఇంకెవలు, నీ తమ్ముడే! సంచులు గూడ పాపం ఆయన బండి మీదనే తెచ్చిచ్చిండు. జర నువ్వు గూడ ఒక చెయ్యెయ్యి అంటె మాత్రం ముట్టనే లేదు, 'నాది మంచి చెయ్యి కాదు వదినా, అంత నీ చేత్తోనే ఎయ్యి' అన్నడు."