మరిగించని జావ

ఊరి బీరు పోటీకి గోధుమ బీరు ఏ పద్ధతిలో కాచాలో ఆఫ్రా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మొలకగింజల పిండి మీద ఒక్కసారి వేడినీళ్ళు పోసి మూతపెట్టింది. ఆ జావలో కొంత తీసి మరిగించి, తిరిగి కలుపుతూ మూడుసార్లు చేసే, అందరూ మెచ్చే పాత పద్ధతి జోలికే పోలేదు. పోటీ చీటీలో మాత్రం "మూడుసార్లు మరిగించినది" అని రాసింది.

ఆమె భర్త కాచిందీ ఇలాగే. ఆరేళ్ళ కిందట ఇదే పోటీలో న్యాయనిర్ణేత కోర్బినియన్ ఒక గుక్క తాగి, "ఇది బీరా, సోమరిపోతు కుడితా?" అని గ్లాసు గడ్డిలో ఒంపేశాడు. బవేరియాలో ఆ మాట పడ్డాక మనిషి తలెత్తుకోలేడు. ఆఫ్రా భర్త మళ్ళీ బీరు కాయకుండానే చనిపోయాడు.

ఈసారి కోర్బినియన్ గ్లాసు ఖాళీ చేశాడు. "మొదటి బహుమతి ఆఫ్రాకే!" అన్నాడు మైకులో.

ఆఫ్రా వేదికెక్కింది.

"జావ ఒక్కసారి కూడా మరిగించలేదయ్యా! నువ్వు పారబోసిన మా ఆయన కుడితే ఇది. అంత గొప్ప నాలుక కదా, కనిపెట్టలేకపోయావే?"

పోటీ గుడారమంతా గొల్లుమంది. కోర్బినియన్ నవ్వలేదు, కోప్పడలేదు. మైకుకి చెయ్యి అడ్డుపెట్టి మెల్లగా అన్నాడు.

"మొదటి గుక్కలోనే కనిపెట్టాను. ఆ రోజూ తెలుసు, మీ ఆయన నాకంటే బాగా కాచాడని. ఓర్వలేకే పారబోశాను. క్షమించు, ఆఫ్రా."

ఆఫ్రా మైకు మీదున్న అతని చేతిని తీసేసింది.

"గట్టిగా చెప్పు. వెనక బల్లలవాళ్ళకి వినపడలేదు."