ఎర్కలేదు సారు

సిరిసిల్లలో కోరుట్ల బస్సెక్కేసరికే కొమురవ్వ ప్రాణం సగమైంది.

పక్కన పెనిమిటి ఆగయ్య, కంటికి గుడ్డ కట్టుకుని. మగ్గంలో నూలు లాక్కుపోయే నాడె ఎగిరొచ్చి తగిలింది. రెండో కన్ను చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయింది. ఉన్నది ఈ ఒక్కటే.

కిటికీ దగ్గరి పెద్దమనిషి జరిగి చోటిచ్చాడు. "ఇక్కడ కూర్చోబెట్టండమ్మా, గాలి తగులుతుంది."

ఆయన ఒళ్లో చిన్న డబ్బా. పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"ఎందాక పోతున్నారు?"

"గీడికే సారు."

అంతకుమించి చెప్పలేదు. పగలు పోలీసులు, రాత్రి అన్నలు ఆరా తీసే కాలం. నోరు మూసుకున్నవాడే బతికినవాడు.

ఆయనకు అవేం పట్టినట్టు లేదు. "దీంట్లో ఏముందో తెలుసా? లేజర్ డయోడ్ అంటారు. నువ్వుగింజ కన్నా చిన్నది, వెలుగునిస్తుంది. దాని ముఖం నేనే చెక్కాను."

"గంత చిన్నదాన్ని దేంతోని చెక్కిన్రు సారు?"

"ఉలి ఆనదు కదా! అయాన్ల పుంజంతో. కంటికి కనబడని రేణువుల ధార అది. తగిలిన చోటల్లా కొంచెం కొంచెం చెక్కుకుపోతుంది. ఇక వెలుగు చెదరదు, మనం చూపిన చోటే పడుతుంది."

గదెందుకు సారు, అని అడగబోయి మింగేసింది. ఎక్కువ తెలిస్తే ఎక్కువ చెప్పాల్సి వస్తుంది మరి.

చందుర్తి దాటగానే పోలీసులు బస్సాపారు. డబ్బా మూత తీస్తే తీగలు కనబడ్డాయి. అంతే, ఆయన్ను కిందికి లాగారు. ఆయన చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. ఇంజను మోతలో వినబడలేదు.

జవాను బస్సెక్కాడు. "గీయిన ఎవలకన్న ఎరుకేనా? ఏం పనిచేస్తడు?"

బస్సంతా తల దించుకుంది.

"నీ పక్కకే కూసున్నడు గదనే! నీకు?"

కింది నుంచి ఆయన కొమురవ్వనే చూస్తున్నాడు, చెప్పమ్మా అన్నట్టు.

పాపం, మంచోడే. కానీ తననూ దింపేస్తే ఆగయ్య కన్ను ఏం కాను?

"ఎర్కలేదు సారు."

కింద ఒకడు డబ్బాను బకెట్ నీళ్లలో ముంచేశాడు, బాంబైతే పేలకుండా.

బస్సు కదిలింది. "గాయిన దిగిండానే?" ఆగయ్య అడిగాడు.

"ఊకో" అంది.

కోరుట్ల కంటి దవాఖానలో డాక్టరమ్మ గుడ్డ విప్పి చూసి నిట్టూర్చింది.

"లోపలి పొర చిరిగిందవ్వా. లేజర్ వెలుగుతోని ఇయ్యాలనే అతికియ్యాలె. రేపటికి ఊడొస్తే ఇగ చూపు రాదు."

"అతికియ్యి తల్లీ, నీ కాల్మొక్త."

"మా మిషన్ల డయోడ్ పోయింది. హైదరాబాద్ నుంచి ఒక సైంటిస్టు తనే చెక్కి తెస్తున్నడు. మీరచ్చిన బస్సుకే రావాలె." డాక్టరమ్మ గేటు వైపు చూసింది. "చేతిల చిన్న డబ్బా ఉంటది. గాయిన మీకేమన్న ఎర్కనా?"

కొమురవ్వ ఆగయ్య చెయ్యి పట్టుకుంది.

"ఎర్కే తల్లీ... ఎర్కే" అంది, చందుర్తి దగ్గర అనాల్సిన మాట.