నల్ల జీపు

"పడవ లాగడానికి తేలిక కారు పనికిరాదు వదినా," అన్నాడు మరిది ఐవింద్. నార్వే తీరంలోని ఆ ఊళ్ళో పాత కార్లు అమ్మేది అతనొక్కడే.

గూద్రున్ ఓ చిన్న ఎర్ర కారు చూపించింది. "ఇది లాగదా?"

"లాగుతుంది గానీ, వాలులో పడవను ఆపడం దీనివల్ల కాదు. పడవ కాగితాల్లో రాసుండేది ఒట్టి పడవ బరువే. ఇంజనూ, డీజిలూ, ట్రాలీ కలిస్తే ఎక్కడికో పోతుంది. పైగా రేవు వాలంతా నాచు. పడవే కారును నీళ్ళలోకి ఈడ్చుకుపోతుంది."

"మరి ఏది తీసుకోమంటావు?"

అతను నల్ల జీపు బానెట్ మీద తట్టాడు. "ఇది. కొండలా నిలబడుతుంది."

"నిరుడు చలికాలం ముందు, ఊరంతా పడవలు ఒడ్డుకు చేర్చిన రోజున కూడా ఇది నీ దగ్గరే ఉందిగా?"

ఐవింద్ చెయ్యి బానెట్ మీదే ఆగిపోయింది. "ఉప్పునీళ్ళు తగిలితే తుప్పు పడుతుందని..."

"మీ అన్న దీన్నే అడిగాడు. నువ్వు చిన్న కారిచ్చి, ఇది చాల్లే అన్నావు." ఆమె చేతిసంచి భుజాన వేసుకుంది. "ఆ కారులోంచే ఆయన శవాన్ని బయటికి తీశారు. పడవ నేనప్పుడే అమ్మేశాను. నువ్వు తెలియక ఇచ్చావో, తెలిసే ఇచ్చావో కనుక్కుందామని వచ్చాను."