విదిలించుకున్న చెయ్యి

హాల్లో అడుగు పెట్టీపెట్టగానే ఎవరో వచ్చి పృథ్వీరాజ్ కుడిచెయ్యి పట్టుకున్నారు.

పుట్టుకతోనే చూపు లేని మనిషి. ఢిల్లీలో పేరున్న లాయరు. చెప్పాపెట్టకుండా చెయ్యి పట్టుకుంటే అతనికి ఒళ్ళు మండుతుంది. రోడ్డు దాటించేవాళ్ళు, మెట్లెక్కించేవాళ్ళు, ఊరికే జాలిపడేవాళ్ళు... అందరూ ముందు చెయ్యే పట్టుకుంటారు.

"ఎవరండీ?" అన్నాడు.

జవాబు లేదు.

ఢిల్లీ సాకేత్‌లోని ఆ హాలు ఆ ఆదివారం మధ్యాహ్నం కిటకిటలాడుతోంది. గుంటూరు దగ్గరి సెయింట్ ఆన్సెల్మ్ క్యాథలిక్ యూనివర్సిటీకి ఆ ఏడు, 2007లో, యాభై ఏళ్ళు నిండాయి. ఢిల్లీలో స్థిరపడ్డ పాత విద్యార్థులు సభ పెట్టి, యూనివర్సిటీకి పేరు తెచ్చినవాళ్ళను సన్మానిస్తున్నారు. వాళ్ళలో పృథ్వీరాజ్ ఒకడు.

పట్టుకున్న వేళ్ళు చల్లగా, గరుకుగా ఉన్నాయి. ఆడమనిషి వేళ్ళు. మందుల వాసన వేస్తోంది. చూపుడువేలు అతని అరచేతిలో ఏదో గీస్తోంది.

"మిమ్మల్నేనండీ. ఎవరు మీరు?"

పలకలేదు.

తెలుగు రాదేమో అనుకున్నాడు. "ఆప్ కౌన్ హై?"

దానికీ పలకలేదు. చెయ్యి మాత్రం ఇంకా గట్టిగా పట్టుకుంది.

పృథ్వీరాజ్ విసురుగా విదిలించుకున్నాడు.

"నోరు లేదా మీకు? కళ్ళు లేనివాడు కదా, ఏం చేసినా పడుంటాడనుకున్నారా?"

చుట్టూ మాటలు ఆగిపోయాయి. చెప్పుల చప్పుడొకటి ఈడ్చుకుంటూ మెల్లగా దూరమైంది.

జూనియర్ లాయరు స్నిగ్ధ పరుగున వచ్చింది. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల.

"క్యా హువా సర్? ఆవిడ నన్. బహుత్ బూఢీ, చాలా ముసలావిడ. ఏడుస్తోంది సర్."

"ఏడుస్తున్నారా?"

"హా సర్. లాస్ట్ రోలో కూర్చుంది."

పృథ్వీరాజ్‌కి మనసు చివుక్కుమంది.

"నన్ను అక్కడికి తీసుకెళ్ళు. ఒక్కమాట చెప్పి వద్దాం."

ఇంతలో కార్యదర్శి రాధాకృష్ణమూర్తి అడ్డం వచ్చాడు. "లాయరుగారూ, రండి రండి! పైన అందరూ కూర్చున్నారు, మీదొక్కటే ఖాళీ."

వేదిక ఎక్కక తప్పలేదు.

మైకులో గొప్ప గొప్ప పేర్లు మోగుతున్నాయి. అక్కడ చదివిన బిషప్పులు, జడ్జీలు, రాయబారులు. అక్కడ పాఠాలు చెప్పిన పండితులు. యూనివర్సిటీని నడిపిన వైస్ ఛాన్సలర్లు. ఒక్కో పేరుకూ చప్పట్లు.

పృథ్వీరాజ్ చెవులు మాత్రం చివరి వరసలోనే ఉన్నాయి.

అతని వంతు వచ్చింది. తనకు సీటిచ్చిన వైస్ ఛాన్సలర్ ఫాదర్ ఇన్నయ్యగారి పేరు చెప్పాడు. లా డీన్ పేరు చెప్పాడు. హాస్టల్ వార్డెన్ పేరు చెప్పాడు. వాళ్ళే లేకపోతే ఈ పృథ్వీరాజ్ లేడన్నాడు. హాలంతా చప్పట్లు.

మైకు ఇంకా చేతిలోనే ఉంది. అందరి ముందూ అరిచినవాడు అందరి ముందూ క్షమించమని అడగొచ్చు. అడుగుదామనే నోరు తెరిచాడు.

పరువు అడ్డొచ్చింది.

"థాంక్యూ" అని కూర్చున్నాడు.

సభ ముగియగానే స్నిగ్ధ భుజం పట్టుకుని చివరి వరసకు నడిచాడు.

"సీట్ ఖాళీ హై సర్" అంది స్నిగ్ధ.

వెనకనుంచి ఇంకో గొంతు వినపడింది. "నమస్కారం సార్. నా పేరు కస్తూరి. మాది తెనాలి. ఇక్కడ హాస్పిటల్లో నర్సునండి. ఆ సిస్టర్‌ని నేనే తీసుకొచ్చాను. ఏమీ అనుకోవద్దని మీకు చెప్పమన్నారు."

"అనుకోవాల్సింది ఆవిడమ్మా. నోరు పారేసుకున్నది నేను. ఎక్కడున్నారు?"

"కాన్వెంటు వాళ్ళు స్టేషన్‌కి తీసుకెళ్ళిపోయారండి. ఈపాటికి రైలు కదిలిపోయుంటుంది."

"అన్నిసార్లు అడిగానే! ఒక్క మాటైనా పలకలేదేం?"

కస్తూరి స్వరం తగ్గించింది. "పలకలేరండి. పోయిన నెల మా హాస్పిటల్లోనే గొంతు క్యాన్సరుకి ఆపరేషనైంది. స్వరపేటిక మొత్తం తీసేశారు. మీరేమో చూడలేరు, తను మాట్లాడలేరు... చేతిలో రాసి చెబుదామనుకున్నట్టున్నారు."

పృథ్వీరాజ్ కుర్చీ కోసం తడుముకున్నాడు.

"మీ సన్మానమని తెలిసి, ప్రయాణం ఆపుకుని మరీ వచ్చారండి" అంది కస్తూరి.

"నా కోసమా? ఎవరమ్మా ఆవిడ?"

"సిస్టర్ జపమాల. మీ యూనివర్సిటీ లైబ్రరీలో ఉండేవారట."

ఎంత ఆలోచించినా ఆ పేరు ఎప్పుడూ విన్నట్టు లేదు.

"నాకు తెలియదమ్మా. ఒక్కసారి పలకరించినవాళ్ళనైనా గొంతుబట్టి గుర్తుపట్టేస్తాను. పేరైతే తెలియదు."

"పేరు చెబితే మీకు తెలియదనే కాగితం మీద రాశారండి."

కస్తూరి కాస్త తటపటాయించింది.

"డిగ్రీ మొదలుకొని లా అయ్యేదాకా మీ పుస్తకాలన్నీ క్యాసెట్లలోకి చదివి హాస్టల్‌కి పంపింది తనేనట సార్... అది కూడా మీరు అడిగితేనే చెప్పమన్నారు."