ఎలుగు బిళ్ల

"సింహం బొమ్మ లేదా?" భద్రాచలం గుడి మెట్ల దగ్గర ఒక యాత్రికురాలు అడిగింది.

"లేదమ్మా. సింహాన్ని నేను చూడలే" అంది జంపక్క.

పక్కనే కూర్చున్న జంపక్క మొగుడు గోపాలు తలకు చుట్టిన ఎర్ర తువ్వాలు సర్దుకుని నవ్వాడు. "మా ఇంటిది చూడంది గియ్యదమ్మా. జూకు తోల్కపోయి చూపిస్తే గీస్తది. హైదరాబాదుకు బస్సు కిరాయి మీరిస్తరా?"

ఆమె నవ్వి, నెమలి కమ్మలు కొనుక్కుని వెళ్లిపోయింది.

పుష్కరాలు వెళ్లిన మరుసటి ఎండాకాలం అది. ఎండిన సొరబుర్ర పెంకును గోపాలు గుండ్రంగా కోసి, నున్నగా రుద్ది, కన్నం పెట్టి ఇస్తాడు. జంపక్క దాని మీద దుప్పినో, నెమలినో, అడవిపందినో వేస్తుంది. నల్లదారం ఎక్కించి అటూ ఇటూ గురివింద గింజలు గుచ్చితే మెడలో బిళ్ల. చిన్నవి రెండు చేస్తే చెవులకు కమ్మలు.

పొద్దు వాలుతుండగా బస్సు దిగి, పినపాక అవతల తమ గూడేనికి నడిచి వచ్చేసరికి గుమ్మంలో భవాని కూర్చుని ఉంది.

భవాని భీమయ్య పెళ్లాం. పోయిన ఎండాకాలం తునికాకు కోతకని గుట్ట ఎక్కిన భీమయ్య ప్రాణంతో దిగలేదు. ఆ రోజు వెంట ఉన్నది గోపాలు, జంపక్క. శవాన్ని భుజాన వేసుకుని దింపింది గోపాలే. ముఖం ముఖంలా లేదు. "ఎలుగు" అన్నాడు గోపాలు. వెనకాల నిలబడ్డ జంపక్క తలూపింది. కోసిన ఆకు కట్టలు లెక్కగట్టి కొనే కల్లం మీద భీమయ్యకున్న పెత్తనం ఆ తర్వాత గోపాలుకు వచ్చింది.

"అక్కా, పై బేస్తారానికి ఏడాది. రాయి నిలబెడుతున్నం. బిళ్ల అయిందా?"

ఆ గూడెంలో ఒక పట్టింపు ఉంది. జంతువు పొట్టన పెట్టుకున్న మనిషికి రాయి నిలబెట్టేటప్పుడు, ఆ జంతువు బొమ్మను రాయికి కట్టాలి. అలాంటిది ఇంకొకటి పనికిరాదు. ప్రాణం తీసిందే కావాలి, కళ్లారా చూసినవాళ్లే గీయాలి. అప్పుడే పోయినవాడు కుదురుకుంటాడు. తప్పు బొమ్మ కడితే గీసిన చేతిని వెతుక్కుంటూ ఆ ఇంటికే వస్తాడు. ఇదివరకు చెక్కపేడు మీద బొగ్గుతో గీసేవాళ్లు. ఇప్పుడు జంపక్క ఉంది కాబట్టి రంగుల బిళ్లే అనుకున్నారు.

"చేస్త చెల్లే" అంది జంపక్క. భవాని ముఖం చూడలేదు.

"జల్దీ చెయ్యక్కా. లేచి చూసేసరికి రోజూ ఆయన చెప్పులు జరిగి ఉంటున్నయి. గోడకు పెట్టినయి గడప కాడికి వస్తున్నయి. లోపలికొచ్చే దారి దొరుకుత లేదేమో..."

భవాని వెళ్లాక గోపాలు చుట్ట వెలిగించాడు. "ఏందే, ఒక్క ఎలుగుకు ఇన్ని రోజులా? నల్లగ పూసి గోళ్లు పెట్టు, అయిపాయె. భీమిగాడొచ్చి ఇది నా ఎలుగు గాదని పంచాయితీ పెడతడా?"

జంపక్క రంగు చిప్పలు కడగడానికి లేచింది.

ఎలుగులు ఆమెకు కొత్త కాదు. ఇప్పపూల కింద బుసబుసలాడేవాటిని చూసింది, పిల్లను వీపున ఎక్కించుకుని వాగు దాటిన తల్లిని చూసింది. మరునాడు పొద్దున్నే కుంచె పట్టింది. నలుపు పూసింది, గోళ్లు పెట్టింది. కన్ను పెట్టబోతుండగా బిళ్ల టప్పున నడిమికి పగిలింది.

రెండోదీ అంతే.

"ఎండ ఎక్కువైంది, నీడకు కూసో" అన్నాడు గోపాలు.

నీడలో మూడోది పగిలింది.

ఆ మధ్యాహ్నం గోపాలు కల్లానికి పోయాడు. ఇంటి వెనక చప్పుడు. ఆకుకట్టను మోకాలికేసి కొట్టి దుమ్ము దులిపే చప్పుడు. ఒకటి, రెండు, కాస్త ఆగి మూడు. గూడెంలో కట్టను అలా ఆగి దులిపే మనిషి ఒక్కడే. జంపక్క వెళ్లి చూసింది. ఎవరూ లేరు. కుక్క మాత్రం చూరు కింద నక్కి, తోక కడుపులోకి ముడుచుకుని, ఎవరో నిలబడ్డ ఎత్తుకు చూస్తోంది.

"నాకాడికి రాకు" అంది జంపక్క. "నీకు చేసేది చేస్త."

సాయంత్రం ఎర్రరంగు కలుపుతుంటే గోపాలు చూశాడు.

"ఎలుగుకు ఎరుపెందుకే?"

"కావాలె."

"నెత్తురా? ఎయ్యి ఎయ్యి. చూసినోళ్లు జడుసుకోవాలె."

ఈ బిళ్ల పగల్లేదు. రంగు ఆరేదాకా జంపక్క దాని మీద చాట బోర్లించి పక్కనే కూర్చుంది. తరువాత తునికాకులో చుట్టి, నారతో బిగించి, రవికెలో దోపుకుంది.

"మొగనికి గూడ చూపియ్యవా?"

"రాయి కాడనే విప్పుత."

బేస్తారం నాడు ఎండ నడినెత్తికి వచ్చేసరికి గూడెమంతా రాయి చుట్టూ చేరింది. డోలు మోగుతోంది. శవాన్ని మోసినవాడే బిళ్ల కట్టాలన్నాడు ఊరి పెద్ద. గోపాలు తువ్వాలు బిగించుకుని ముందుకొచ్చాడు. చెయ్యి చాచాడు.

"తే."

జంపక్క ఆ చేతిని దాటుకుని పోయి, ఆకు పొట్లం భవాని దోసిట్లో పెట్టింది.

"నువ్వే విప్పు చెల్లే. నేను చూసిందే గీసిన."

డోలు ఆగింది. భవాని నార తెంపింది. ఆకు మడత విప్పింది.

ఆమె ఎండకు తిప్పి చూసిన బిళ్ల మీద, తలకు ఎర్ర తువ్వాలు చుట్టుకుని, రెండు చేతులా గొడ్డలి ఎత్తి పట్టుకుని, గోపాలు ఉన్నాడు.