ఆరు వారాల మెడ నొప్పి

నా మెడ పట్టేయడానికి కారణం మా బావమరిది. కారు నడుపుతూ, వెనక సీట్లో ఉన్న వాళ్లక్కతో కబుర్లు పెట్టుకుని లారీని గుద్దాడు.

ఆరు వారాలుగా ఫిజియోథెరపీకి వస్తున్నాను. ఈరోజు ఇన్సూరెన్సు ఆఫీసరు కూడా వచ్చి కాగితాలతో ఎదురుగా కూర్చున్నాడు. మెడ ఇక తిరగదని ఆయన రాస్తేనే నాకు పరిహారం.

వైద్యం చేసే అమ్మాయి బొటనవేళ్లతో నా మెడ నొక్కుతూ, "అలా బిగబట్టకండి బాబాయ్‌గారూ. ఏదైనా మాట్లాడుతూ ఉండండి, కండ వదులవుతుంది," అంది.

"ఏం మాట్లాడనమ్మా, ఈ మహానుభావుడి డ్రైవింగు గురించా?"

గోడవారగా కూర్చున్న బావమరిది నసిగాడు. "కాస్త పక్కకి చూశానంతే బావా."

"కాస్తట. స్టీరింగు పట్టుకుని వెనక్కి ఇదిగో, ఇలా చూశాడమ్మా," అని మెడ పూర్తిగా వెనక్కి తిప్పి చూపించాను.

ఆఫీసరు కాగితాల్లోంచి తలెత్తి నా మెడ వంక చూశాడు.

"నేను కూడా అంత తిరగలేదు బావా," అన్నాడు వాడు.

ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. "నొప్పి పుట్టిందా బాబాయ్‌గారూ?"

పుట్టలేదు. అది ఎప్పుడో పోయినట్టుంది. వీణ్ణి తిట్టుకునే పనిలో పడి నేనే చూసుకోలేదు.

ఆఫీసరు పెన్ను తీసి కాగితం మీద ఒక గీత కొట్టాడు. ఆ గీతతో పోయిన పరిహారం రెండు లక్షల డెబ్బై వేలు.