చేపల పేర్లు

“సర్క్యూట్ బోర్డులు కడిగిన యాసిడ్ నీళ్లే సార్, శుద్ధి చేసి ఈ తొట్టిలో వదిలినాం. చేపలు ఎంత జాలీగా ఉండాయో చూడండి!” అన్నాడు అంబత్తూరు ఫ్యాక్టరీ మేనేజర్ అనంత్.

తనిఖీకొచ్చిన ఆఫీసరు ముచ్చటపడి తొట్టిలో చెయ్యి ముంచాడు. “వీటిని ఎవరు చూసుకుంటారు?”

“మా హైమక్క సార్.”

హైమ చీపురు పక్కన పెట్టి వచ్చింది.

“పేర్లు పెట్టావా అమ్మా?”

“మొదట్లో పెట్టినా సార్. సోమవారం సోమవారం చచ్చినవి పారేసి, కొళత్తూరు చేపల అంగళ్లకు పోయి కొత్తవి తెస్తా ఉంటే, అన్ని పేర్లు యాడ తెచ్చేది? మానేసినా.”

ఆఫీసరు చటుక్కున చెయ్యి బయటికి తీశాడు.

“చెయ్యి కడుక్కోవాలి. నీళ్లెక్కడ?”

హైమ అదే తొట్టికున్న కుళాయి తిప్పింది.

“మేమంతా ఈడే కడుక్కుంటాం సార్.”